రసాయనశాలలో స్త్రీలు

వంటయిల్లు దిద్దుకొను స్త్రీకి రసాయనశాస్త్ర మేల యని యడుగువారికి అమెరికా చరిత్రయే యుత్తరము చెప్పుచున్నది.

1870వ సంవత్సరమున ఎలెన్ స్వాలో అను యువతి, బోస్టను నగరమందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రసాయనశాస్త్రము చదువుట కనుమతి పొందెను. అధికారులు ఆమెయొద్ద రుసుము పుచ్చుకొనలేదు. అది దయ గాదు. ఎవరైన నాక్షేపించినచో ఆమె తమ విద్యార్థిని కాదని తప్పించుకొనుట కుపాయము. అయినను 1873లో నామె పట్టభద్రురాలయ్యెను.

1876లో అదే విద్యాలయమున స్త్రీలకు ప్రత్యేక రసాయనశాల యేర్పడెను. అందామె జీతము లేకయే బోధించెను. అచ్చటి స్త్రీలు సూత్రములను వల్లించుటతో తృప్తి నొందక, త్రాసును గాజునాళికలను చేతబట్టి పదార్థములను విడదీసి పరీక్షించుట నేర్చిరి. 1883లో ఆ శాల మూతవడెను. ఆదరణ లేక కాదు, పురుషులతోపాటు విద్యాలయపు శాలలలోనే స్త్రీలకు చోటు దొరకుటచేత.

ఆ విద్య యేమి ఫలించెను? 1887 మొదలు మసాచుసెట్సు రాష్ట్రపు నీటి పరీక్షలను రసాయనశాలలో నామెయే నడపెను. సముద్రమునకు దూరమగుకొలది మంచినీటిలోని యుప్పు సహజముగా తగ్గును. ఒకచోట నంతకు మించి కనబడినచో మురుగు కలిసియుండు నని శంకింపవలెను. ఏ ప్రాంతమున నెంత యుండదగునో తెలుపు పటము నామె సిద్ధపరచెను. కంటికి తేటగా దోచిన నీటిలోని కీడును రసాయనపరీక్ష బయలుపరచెను.

బిడ్డకు నీరు ముంచి యిచ్చు చేతికే ఆ నీటిని పరీక్షించు విద్యను నిరాకరించుట యే గృహమునకు మేలు?