రాజమహేంద్రవరం వకీలు న్యాపతి సుబ్బారావు పంతులుగారు

మిషనరీ దొరల గురించి, తొలి ఉపదేశకుల గురించి ఈ సంచికలో ఇతరులు వ్రాసియున్నారు. నేను ఒక వకీలును గురించి వ్రాయదలచాను. ఆయన మన సంఘస్థుడు కాడు. అయితే మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొన్నవాడు. డాక్టర్ విలియం మిల్లర్ దొరగారు ఆ కళాశాలను పెంచి పెద్దచేసిన రోజులవి.

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఆ నీటి వెంట వచ్చిన వ్యాజ్యాలను మాత్రం మనం అంతగా తలచుకోము. మెట్ట పల్లమైంది, పల్లం ధర పెరిగింది. ధర పెరిగిన చోట అన్నదమ్ముల భాగాలకు, గట్లకు, బోదెలకు, లంక భూములకు తగవులు వచ్చాయి. రైతు బండి కట్టుకొని, కాగితాల మూట చంకన పెట్టుకొని జిల్లా కోర్టుకు వెళ్లేవాడు. వకీలు ఇంటి అరుగు మీద గుమాస్తా కోసం కాచుకొని కూర్చొనేవాడు. ఆనకట్ట రైతుకు అన్నం పెట్టింది, వకీలుకూ పెట్టింది.

ఆ వృత్తి మీద అపవాదు కూడా అంత పాతదే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయులుగా ఉండగా 1874లో 'వివేకవర్ధని' పత్రిక ప్రారంభించారు. మొదట అచ్చు మద్రాసులో జరిగేది. అదే సంవత్సరం మన ఊళ్లో బాలికల పాఠశాల కూడా పెట్టారు. ఆయన ఒకప్పుడు వకీలు కావాలనుకొని, ఆ పనిలో అబద్ధం తప్పదని మానుకొన్నారు. తరువాత కచేరీల్లోని లంచగొండితనాన్ని తన పత్రికలో ఎండగట్టారు. అటువంటి మనిషి కళ్లెదుట, ఆ ఊళ్లోనే వకీలుగా పేరు తెచ్చుకొని, ఆయనతో కలిసి పనిచేయడం సామాన్యం కాదు. సుబ్బారావు పంతులుగారు అది చేశారు.

1856లో పుట్టిన సుబ్బారావుగారు మద్రాసులో లా చదువుతుండగా 1878 సెప్టెంబరు 20న 'హిందూ' పత్రిక పుట్టింది. స్థాపకులు ఆరుగురు: ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు లా విద్యార్థులు. ఆ నలుగురిలో ఈయన ఒకరు. టి. ముత్తుస్వామి అయ్యరుగారిని హైకోర్టు జడ్జిగా వేసినందుకు దొరల పత్రికలు విరుచుకుపడగా, జవాబు చెప్పాలని పూనుకొన్నారు. అప్పు తెచ్చిన ఒక రూపాయి పన్నెండణాలతో ఎనభై ప్రతులు వేశారు. చదువు కాగానే విద్యార్థులు వృత్తిలోకి వెళ్లిపోయారు. సుబ్బారావుగారు రాజమహేంద్రవరం వచ్చి ప్రాక్టీసు పెట్టారు.

ఆ రోజుల్లో సంస్కరణ పక్షాన నిలవడమంటే ఇల్లాలికి, బిడ్డలకు కూడా కష్టమే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిగాక, దానికి హాజరైన వారిని వెలివేశారు. వెలి అంటే ఆడపిల్లకు సంబంధం రాదు, తద్దినానికి బ్రాహ్మడు రాడు. సంసారులు వెనుకాడారంటే నేను తప్పు పట్టలేను. సభలో మాట్లాడినవాడికి చప్పట్లు దక్కాయి గాని, ఇంటిలోని ఆడవారికి దక్కినది నూతి దగ్గర మాటలే.

వకీలు సంపాదన ఎటు పోయిందన్నదే నాకు ముఖ్యం. సుబ్బారావుగారు 'చింతామణి' మాసపత్రికను నడిపించారు. వీరేశలింగంగారు సంపాదకులు. ఆ పత్రిక నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చింది. 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'రామచంద్ర విజయము'కు బహుమతి వచ్చింది. చూపు సరిగా లేని ఒక పేద యువకుడు ఆంధ్రదేశానికి తెలిసినది అలాగే. గట్టు తగాదాల ఫీజు నవలల బహుమతులైందని ఎవరైనా అంటే నేను కాదనను.

పదవులకేమీ తక్కువ లేదు. పురపాలక సంఘాధ్యక్షత, శాసనసభలు, 1914 నుండి కాంగ్రెసు ప్రధాన కార్యదర్శిత్వం, అదే సంవత్సరం బెజవాడలో ద్వితీయాంధ్ర మహాసభాధ్యక్షత, 1918లో ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘానికి తొలి అధ్యక్షత. ఇన్ని ఉన్నా కాపురం రాజమహేంద్రవరమే. అదే కోర్టులో వకీలు, అదే పురపాలక సంఘానికి అధ్యక్షుడు అయిన టంగుటూరి ప్రకాశంగారు 1904లో బారిస్టరు చదువుకు లండను వెళ్లారు. తిరిగివచ్చి మద్రాసులో స్థిరపడ్డారు.

సుబ్బారావుగారు 1941లో కాలం చేశారు. ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి ఆ రెండవ వకీలే.