పద్దెనిమిదో ఏట ఆగిపోయిన చరిత్ర

కొందరు మనుషుల విషయంలో చరిత్ర బాల్యం దగ్గరే ఆగిపోతుంది. ఆటిజం ఉన్నవారి చరిత్ర అటువంటిది. వైద్యులు వారిని పిల్లలుగా చూశారు, పిల్లలుగానే వర్ణించారు. మీసాలు వచ్చాక వారు ఎక్కడికి పోయారు, ఏ పని చేశారు, ఎవరితో బతికారు అన్న ప్రశ్న చాలాకాలం అరుదుగానే వినిపించింది. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది ఆ ప్రశ్ననే.

ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకాల్లో ఎదురుకాలేదు. కోనసీమలో తెలుగు మాస్టారుగా ఉన్న రోజుల్లో నా తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. పద్యం వినిపిస్తే చాలు, గురులఘువులు గుర్తించి గణాలు విడదీసి యతి ఎక్కడ తప్పిందో చెప్పేవాడు. అదే పద్యానికి భావం రాయమంటే తెల్ల కాగితం ఇచ్చేవాడు. గంట మోగితే చెవులు మూసుకునేవాడు. ఊరు వాణ్ణి మాలోకం అంది. నేను "శ్రద్ధ లేదు" అని రాశాను. పదో తరగతితో వాడి చదువు ముగిసింది. కొన్నేళ్లకు సంతలో కనబడిన వాళ్లమ్మ, "మేం ఉన్నన్నాళ్లూ పర్లేదండీ మాస్టారూ. మేం పోయాక ఈడెవరి దగ్గరుంటాడండీ?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆటిజాన్ని మొదట వర్ణించిన ఖ్యాతి 1943లో అమెరికాలో పదకొండుమంది పిల్లల గురించి రాసిన లియో కానర్‌కు దక్కింది. అంతకు ముందే, 1925లో, సోవియట్ వైద్యురాలు గ్రూన్యా సుఖరేవా ఇటువంటి లక్షణాలున్న ఆరుగురు బాలుర గురించి రాశారు. ఆమె పేరు చాలాకాలం మరుగున పడిపోవటం కూడా చరిత్రే.

అయితే కానర్ చేసిన ఒక మంచి పని, ఆ పదకొండుమంది ఏమయ్యారో ఆరా తీసి 1971లో రాయటం. ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఏళ్ల తరబడి మగ్గినవారు ఉన్న తెలివిని కూడా పోగొట్టుకున్నారు. మొదటి బాలుడు డోనాల్డ్ కథ వేరు. 1942లో తల్లిదండ్రులు అతణ్ణి ఒక రైతు దంపతుల ఇంట ఉంచారు. ఆ కుర్రవాడికి కొలతల పిచ్చి. ఆ దంపతులు దాన్ని మాన్పించబోలేదు. బావి తవ్వించి లోతు కొలిచి చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్లు లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. అతను తరువాత పట్టభద్రుడై బ్యాంకు గుమాస్తాగా పనిచేశాడు, సొంత ఊళ్లో బతికి 2023లో 89వ ఏట మరణించాడు. ఇక్కడ వర్గ వాస్తవాన్ని విస్మరించరాదు. ఆ బ్యాంకు అతని తల్లి తరఫు కుటుంబానిది. కలిగినింటి బిడ్డకు దొరికిన అవకాశం కూలివాని బిడ్డకు ఎలా దొరకాలి అన్నదే అసలు సమస్య.

ఈ చరిత్రలో చీకటి పుటలున్నాయి. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో వెలువరించిన గ్రంథం తల్లుల మమకారలోపమే ఇందుకు కారణమన్న వాదాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆ వాదం తరువాత నిలవలేదు గాని, "తల్లి పెంపకం" అనే నింద మన వీధి అరుగుల మీద ఇంకా బతికే ఉంది. వియన్నాలో నాజీల కాలంలో హాన్స్ ఆస్పెర్గర్ కొందరు పిల్లలను మరణం పొంచివున్న స్పీగెల్‌గ్రుండ్ ఆస్పత్రికి పంపినట్లు 2018లో పరిశోధకులు బయటపెట్టారు. "ఎవరు పనికొస్తారు" అన్న కొలబద్దతో మనిషిని కొలిస్తే అది ఎందాకా పోతుందో దీనివల్ల తెలుస్తుంది. పని హక్కు కావాలి. అది బతకటానికి షరతు కారాదు.

మన దేశంలో 1995 వికలాంగుల చట్టం పేర్కొన్న ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ఆ పేరు చెప్పి, పద్దెనిమిదేళ్లు దాటినవారికి అవసరమైతే సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు చేసింది. 2016 చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో చేర్చింది. పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య, ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం వాటా ఇచ్చింది. అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అస్వస్థత మొదలైనవన్నీ కలిసి పంచుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీరు నిండుగానే ఉంటుంది, శివారు చేనుకు చేరేదెంత అన్నది డెల్టా రైతుకు తెలిసిన ప్రశ్న. చట్టాల విషయంలోనూ అంతే.

రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్లితో తన పని అయిపోయిందని ఆయన అనుకోలేదు. వెలివేతకు గురైన దంపతులకు అండగా నిలవవలసి వచ్చింది. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. సంస్కరణ అంటే ఒక్కరోజు ముచ్చట కాదనీ, ఆ మరునాటి బతుకు బాధ్యత కూడాననీ మన గడ్డ అప్పుడే నేర్చుకుంది. బడి ముగిసిన మరునాడు ఆటిజం ఉన్న యువకుడికి కావలసింది ఆ అండే.

ఆ అండ పద్నాలుగో ఏటనే మొదలవ్వాలి. బస్సెక్కటం, డబ్బు లెక్క, వంట, తన శరీరంలో వచ్చే మార్పుల గురించిన జ్ఞానం మెల్లగా, మళ్లీమళ్లీ నేర్పాలి. రేపు జరగబోయే మార్పు ఈరోజే చెప్పాలి. నోటితో చెబితే అందకపోతే రాసి, బొమ్మ గీసి చూపాలి. అన్నింటికన్నా ముందు, నీకేం కావాలని వాణ్ణే అడగాలి.

సాహిత్యం కూడా ఇక్కడ జవాబు చెప్పుకోవాలి. మాటను ఉన్నదున్నట్టు తీసుకునేవాణ్ణి చూసి మనం తరతరాలుగా నవ్వుతున్నాం. తమిళ పరమార్థ గురువు కథలో గుర్రం మీంచి పడినదల్లా ఎత్తమంటే శిష్యులు లద్దెనూ ఎత్తుతారు. మన పరమానందయ్య శిష్యులు వారి దాయాదులే. వారికి ఆటిజం అంటగట్టటం నా ఉద్దేశం కాదు. నేను గమనించమనేది మరొకటి. ఆ గురువు వారిని వెళ్లగొట్టలేదు. కథ నవ్విస్తూనే వారికి ఇల్లిచ్చింది. మన ఆధునిక కథ మాత్రం అటువంటివాణ్ణి చాలాసార్లు జాలికో హాస్యానికో వాడుకుని వదిలేసింది. వాడి చూపులోంచి లోకాన్ని చూపటం ఆధునిక రచయిత ముందున్న పని.

నా శిష్యుడు ఇప్పుడు మేనమామ కొబ్బరి కొట్లో రాశులు లెక్కపెడుతున్నాడు. వాడి లెక్క తప్పదని దింపు కార్మికులు కూడా నమ్ముతారు. లారీ హారను మోగితే వెనక షెడ్డులోకి పోతాడు, ఎవరూ అడ్డు చెప్పరు. వాడికి దొరికిన రైతు దంపతులు వీరే. కాని మేనమామ కూడా శాశ్వతం కాడు. ఆ తల్లి ప్రశ్నకు బంధుప్రేమ సగం జవాబే. మిగతా సగం సమాజం చెప్పాలి. దాన్ని చెప్పించే పనిలో ఉపాధ్యాయులకూ రచయితలకూ వాటా ఉంది.