ద్రాక్షమధువు - పొగచుట్ట

పాశ్చాత్య దేశములందు విందు ముగిసిన పిదప ఎఱ్ఱని ద్రాక్షమధువుతో ఘాటైన పొగచుట్టను జతచేయుట యొక మర్యాదగా ఎంచుదురు. ఆ జతకు వారొక సూత్రము చెప్పుదురు: చుట్ట యెంత ఘాటైనదో మధువును అంత బలమైనది కావలెను. తేలిక మధువు రుచి పొగలో అణగిపోవును. ఎఱ్ఱని మధువును ద్రాక్షతొక్కతో సహా పులియబెట్టుదురు గనుక దానికొక వగరుండును. ఆ వగరు పొగకు ఎదురు నిలుచును. పోర్చుగలు దేశపు పోర్టు మధువు తియ్యగను బలముగను ఉండుటచేతనే యీ జతకు పేరు వడసినది. ఈ ముచ్చట మనకేల యని శ్రోతలడుగవచ్చును. మన నేలపై ఈ రెండు వస్తువులును వేఱొక చరిత్రను నడపినవి. దానిని తెలిసికొనుటయే ఈ ప్రసంగోద్దేశము.

హైదరాబాదునుండి పడమరగా బిజాపురమునకు పోవు బాట మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగును. ఎంకపల్లి ఆ ప్రాంతపు గ్రామమే. పోర్చుగీసువారు అమెరికా ఖండమునుండి తెచ్చిన పొగాకును అక్బరు దూత అసద్ బేగు ఆ బాట చివరనున్న బిజాపురముననే చూచి, 1604 ప్రాంతమున చక్రవర్తికడకు కొనిపోయెను. అక్బరు కొంచెము పీల్చి చూచెననియు, వైద్యుడు వలదనెననియు అతడే వ్రాసినాడు. 1617లో జహంగీరు పొగత్రాగుటను నిషేధించెను. ఆజ్ఞ నిలువలేదు, అలవాటు నిలిచినది.

తూర్పుతీరమున ఈ అలవాటు పేదవాని చేత చుట్టయై కుదురుకొన్నది. 1670 ప్రాంతమున తీరమును చూచిన ఆంగ్ల నావికుడు తామస్ బౌరీ, సామాన్యులు ఆకును చుట్టి ఒక కొస నంటించి, రెండవ కొసను పెదవుల నడుమ నుంచుకొందురనియు, దానిని పోర్చుగీసువారు చెరూటా యందురనియు వ్రాసినాడు. గోదావరి వఱదలు ఒండ్రు పఱచు లంకలలో పండిన ఆకు ఘాటునకు ప్రసిద్ధి కెక్కెను. 1890లో కోనన్ డాయిల్ వ్రాసిన నవలలో షెర్లాక్ హోమ్సు ఈ ‘లంకా’ చుట్టను పేరెత్తి చెప్పును. మన లంకపేరు అట్లు లండను పాఠకుల ఇండ్లకు చేరినది.

ఇక మధువు మాట. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రాక్షరసముతో చేసినదానినే ‘మధువు’ అని నిర్వచించి, కాపిశాయనము, హారహూరకము అను పేళ్లను చెప్పినది. రెండును వాయవ్యదేశపు పేళ్లు. గోలకొండ రాజ్యమున ద్రాక్షతోటలుండెను. 1660 తర్వాతి దశకమున వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఆ పండ్లతో తెల్లని మధువు చేయుదురని వ్రాసినాడు. పారసీకపు షిరాజు మధువు ఓడలమీద వచ్చుచుండెను. అది దొరలకు, వర్తకులకు మాత్రమే అందెడిది. హైదరాబాదునకు పేరు తెచ్చిన అనాబెషాహి ద్రాక్షను 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ ప్రవేశపెట్టెను. అదియు తినుటకు తగిన లేతరంగు పండే గాని ఎఱ్ఱని మధువునకు తగినది కాదు.

కావున మన పల్లెలలో చుట్టకు జతపడినది ద్రాక్షమధువు కాదు, కల్లు. మధువు పీపాలలో ఏండ్ల తరబడి నిలువ యుండును, సముద్రములు దాటును. కల్లు అట్టిది కాదు. ఉదయమున దించినది సాయంకాలమునకే పులిసిపోవును. ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే హైదరాబాదును గూర్చి చెప్పిన మాట ఇచ్చట మిక్కిలి విలువైనది. అయిదాఱు కోసుల దూరమునుండి తోలుతిత్తులలో కల్లు నింపి, గుఱ్ఱమునకు ఇరువైపుల కట్టి, దినమునకు అయిదాఱు వందల గుఱ్ఱములను వడిగా పట్టణమునకు తోలుకొని వచ్చెడివారట. ఆ తొందర కల్లు పులియునను తొందరయే. దానిపై విధించిన పన్నువలన రాజునకు గొప్ప ఆదాయము కలిగెడిదని కూడ అతడు వ్రాసినాడు.

ఈ చివరి వాక్యమునొద్ద మనము కొంచెము ఆగవలెను. నాటినుండి ఆబ్కారీ ఆదాయము ప్రభుత్వములకు వదలరాని తీపియైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలెను. జహంగీరు ఆజ్ఞవలెనే ఇదియు నిలువలేదు. అయితే ఈసారి ప్రశ్న అడిగినది వైద్యుడు కాదు, ఇల్లాలు. కూలిడబ్బులు ఇల్లు చేరక దారిలోనే కరగుచున్నవి యని ఆమె అడిగినది.

జత యొక్క వెలను వైద్యశాస్త్రమును లెక్కగట్టినది. మద్యమును పొగాకును కలిసినచో నోటికి, గొంతుకు, అన్నవాహికకు కలుగు కాన్సరు ముప్పు విడివిడి ముప్పుల మొత్తమునకు మించును. శ్రీకాకుళము, విశాఖపట్టణముల తీరమున చుట్టనిప్పును నోటిలోనికి త్రిప్పి అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిట పుట్టు పుండ్లను గూర్చి వైద్యులు 1971 నాటికే విశదముగ వ్రాసియున్నారు.

విందుబల్లమీద మధువును చుట్టను జతచేయువాడు రుచుల పొత్తును మాత్రమే చూచును. మన చరిత్ర చూపునది మఱియొక పొత్తు: ఒక అలవాటు, ఒక పన్ను. నాలుగు వందల యేండ్లుగా ఆ రెండును ఒకదానినొకటి పోషించుచు వచ్చినవి. వాని లెక్క తీర్చినది మాత్రము ఎల్లప్పుడును ఇంటనున్నవారే.