సుంకం నుంచి సరుకు దాకా: హుమ్నాబాద్ సీమలో మద్యం వర్గీకరణ చరిత్ర

హైదరాబాదు నుంచి సోలాపురం వెళ్ళే 65వ జాతీయ రహదారి మీద, జహీరాబాదు దాటి కర్ణాటకలో అడుగుపెట్టాక తగిలే హుమ్నాబాద్ 1948 వరకు నిజాం రాజ్యంలోని బీదరు జిల్లాకు చెందిన ఊరు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ జిల్లా మూడు భాషల మధ్య పంపకమై, జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్, నిలంగా వైపు ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి పోగా, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రంలో చేరింది. ఒకే చట్టం కింద మెలిగిన ఇరుగుపొరుగు తాలూకాలు వేర్వేరు చట్టాల కిందికి వెళ్ళిన ఈ సీమలో, మద్యాన్ని ప్రభుత్వాలు ఏయే తరగతులుగా విడదీశాయో, సీసా మీద ఏమి రాయమన్నాయో పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: చట్టం చాలాకాలం పట్టించుకున్నది రాబడిని, లోపలి సరుకు సంగతి చివరికి వచ్చిన ప్రశ్న.

నిజాం ప్రభుత్వం మద్యం మీద వచ్చే ఆదాయాన్ని ఆబ్కారీ అనే శాఖ కింద నడిపింది, దానికి ఆధారమైన హైదరాబాదు ఆబ్కారీ చట్టం 1316 ఫసలీలో, అంటే 1906–07 ప్రాంతంలో వచ్చింది. ఆ రాజ్యంలో జనం తాగినవి ముఖ్యంగా రెండు: ఈత, తాటి చెట్ల నుంచి గీసిన కల్లు (ఈత కల్లును సేంధీ అనేవారు), ఇప్పపువ్వును పులియబెట్టి బట్టీలో కాచిన సారా. దొరల కోసం, దండు బజార్ల కోసం ఓడల మీద దిగుమతయ్యే విస్కీ, బ్రాందీలు విదేశీ మద్యమనే మూడో తరగతి. ఈ విభజనకు మూలం రుచీ కాదు, నాణ్యతా కాదు, పన్ను రాబట్టే పద్ధతి. కల్లుకు చెట్టు లెక్కన పన్ను కట్టించుకుని, కట్టిన చెట్టు కాండం మీద అంకె వేయించేవారు. సారాకు బట్టీ మీదా అమ్మకపు హక్కు మీదా వేలం పాడి గుత్తేదారులకు అప్పగించేవారు. దిగుమతి సరుకుకు సుంకం, లైసెన్సు రుసుము ఉండేవి.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే లండనులో మరో రకమైన వాదం నడుస్తోంది. విస్కీ అంటే మొలకెత్తించిన బార్లీని రాగి కుండ బట్టీలో కాచినదేనా, లేక ఇతర ధాన్యాలతో నిరంతరాయంగా నడిచే యంత్రపు బట్టీలో తీసిన స్పిరిటును కూడా ఆ పేరుతో అమ్మవచ్చునా అని ఇస్లింగ్టన్ పురపాలక సంఘం 1905లో వర్తకుల మీద దావా వేసింది. అది ముదిరి 1908లో రాజ సంఘం విచారణకు దారితీయగా, రెండు పద్ధతులూ విస్కీయేనని 1909లో ఆ సంఘం తేల్చింది. కొయ్య పీపాల్లో కొన్నేళ్ళు నిల్వ ఉంచి తీరాలనే నియమం 1915 చట్టంతో అక్కడ ప్రవేశించింది. కొనేవాడికి ఏ పేరుతో ఏ సరుకు చేరుతోందన్నది అక్కడి ప్రశ్న కాగా, ఎవరి నుంచి ఎంత రావాలన్నదే ఇక్కడి ఆబ్కారీ కచేరీ ప్రశ్న.

భారతదేశపు అధికారులు బ్రిటిషు పద్ధతి నుంచి తీసుకున్నది ఘాటును కొలిచే లెక్కను. పరిమాణంలో సుమారు 57.1 శాతం ఆల్కహాలు ఉన్న ద్రవాన్ని ప్రూఫ్ స్పిరిటుగా నిర్ణయించి, దానికంటే ఎంత తక్కువ ఉంటే అన్ని డిగ్రీల అండర్ ప్రూఫ్ అని రాసేవారు. 25 డిగ్రీల అండర్ ప్రూఫ్ అంటే ఆ 57.1లో ముప్పాతిక భాగం, అంటే 42.8 శాతం. ఈనాటికీ దేశంలో అమ్మే విస్కీ సీసాల మీద 42.8 అనే ఆ వింత అంకె నిలిచి ఉండటానికి, గుండ్రంగా 40 కాకపోవడానికి, పన్ను లెక్క కోసం పుట్టిన ఈ కొలతే కారణం.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం మత్తు పానీయాలను రాష్ట్రాల జాబితాలో ఉంచడంతో ప్రతి రాష్ట్రానికీ తన తరగతులు, తన లేబులు ఏర్పడ్డాయి. మైసూరు ప్రభుత్వం 1965 నాటి ఎక్సైజ్ చట్టంతో ఆయా ప్రాంతాల పాత చట్టాలను తొలగించగా, హుమ్నాబాద్‌లో నిజాం కాలపు ఆబ్కారీ చట్టానికి కాలం చెల్లింది. ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన తెలంగాణలో అదే పని 1968 చట్టంతో జరిగింది. కర్ణాటకలో చిల్లర దుకాణం సీఎల్‌–2గా, బారు సీఎల్‌–9గా లైసెన్సు సంఖ్యలతోనే పేరుపడ్డాయి. సీసా మూత మీద రాష్ట్రపు ఎక్సైజ్ చీటీ, లేబులు మీద ఆ రాష్ట్రంలోనే అమ్మాలనే గుర్తు తప్పనిసరి కావడంతో, ఒకే కంపెనీ విస్కీ జహీరాబాదులో చట్టబద్ధమైన సరుకైనా, అక్కడి చీటీతోనే హుమ్నాబాద్ దుకాణంలో అమ్మకానికి పెడితే నేరమైంది.

2007 జులై 1న కర్ణాటక సారాను నిషేధించింది. అప్పటిదాకా ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మిన సారా స్థానాన్ని చవక విస్కీ, రమ్ము ఆక్రమించాయి. చక్కెర తీయగా మిగిలే మడ్డి, అంటే మొలాసిస్, నుంచి తీసిన స్పిరిటుకు నీళ్ళు కలిపితే సారా అయ్యేది. అదే మొలాసిస్ స్పిరిటును మరింత శుద్ధి చేసి, మాడ్చిన చక్కెర రంగు, పరిమళం, కొంత మాల్టు చేరిస్తే విస్కీ అనిపించుకునేది. చెరకు పండే బీదరు జిల్లా కూలివాడు కొన్న సరుకు మూలం మారలేదు, మారినవి దాని తరగతీ ధరా. ఐరోపా చట్టం ప్రకారమైతే ధాన్యం నుంచే తీసి, కొయ్య పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉంచి, 40 శాతానికి తగ్గని ఘాటుతో సీసాకెత్తినదే విస్కీ.

ఈ తేడాను సరిదిద్దే ప్రయత్నం వ్యాపారుల నుంచి వచ్చింది, కోర్టుల దాకా వెళ్ళింది. బెంగళూరులోని అమృత్ డిస్టిలరీస్ పూర్తిగా మాల్టుతో తయారుచేసిన సింగిల్ మాల్టును 2004లో గ్లాస్గో నగరంలోనే విడుదల చేసి, భారతీయ విస్కీ ఐరోపా కొలతకు తూగగలదని చూపింది. బెంగళూరులోనే ఉన్న మరో సంస్థ ఖోడే తన సీసా మీద పీటర్ స్కాట్ అని రాసుకోవడాన్ని స్కాచ్ విస్కీ సంఘం సవాలు చేయగా, అభ్యంతరం ఏళ్ళ తరబడి ఆలస్యంగా వచ్చిందని, కొనేవారు వివేచన గలవారని భావించిన సుప్రీంకోర్టు 2008లో ఖోడే పక్షాన తీర్పు చెప్పింది.

దేశమంతటికీ ఒకే నిర్వచనం 2019 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద రూపొందిన మద్యపానీయాల ప్రమాణాలు, సింగిల్ మాల్టు అంటే ఒకే డిస్టిలరీలో మాల్టు బార్లీతో మాత్రమే కుండ బట్టీలో కాచినదని, సీసా మీద వయసు రాస్తే అందులోని అతి లేత స్పిరిటు వయసే రాయాలని, ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరని నిర్దేశించాయి. అయినా బాగా శుద్ధి చేసిన తటస్థ స్పిరిటుతో చేసినదానికీ విస్కీ పేరు దక్కే వెసులుబాటు మిగిలే ఉంది. చెట్టు మీద అంకె వేసిన కాలం నుంచి సీసా మూత మీద చీటీ అంటించే కాలం వరకు ఖజానాకు రావలసింది రాబట్టుకోవడంలో ఏ ప్రభుత్వమూ ఏమరలేదు. ఆ జాగ్రత్తలో సగమైనా, సీసాలోనిది ధాన్యమా మొలాసిసా అని తాగేవాడికి అతని భాషలో చెప్పడానికి వెచ్చించడం చట్టం ఇంకా తీర్చవలసిన బాకీ.