కన్వర్టర్లు అధికంగా గల విద్యుత్ గ్రిడ్ స్థిరత్వం

విద్యుత్ గ్రిడ్ స్థిరత్వం అనగా పిడుగుపాటు, లైను తెగిపోవుట, జనరేటరు ఆగిపోవుట వంటి కుదుపు కలిగినపుడు గ్రిడ్ తన పౌనఃపున్యాన్ని, వోల్టేజీని నిలుపుకొని తిరిగి సమస్థితికి చేరగల సామర్థ్యం. సౌర, పవన విద్యుత్తు ఎలక్ట్రానిక్ కన్వర్టర్ల ద్వారా గ్రిడ్‌లోకి చేరుతున్నందువలన, ఈ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి పాత పద్ధతులు మాత్రమే చాలవు. గ్రిడ్ కుప్పకూలితే పునరుద్ధరణకు గంటలు పడుతుంది. గుడివాడ, కైకలూరు ప్రాంతాలలో ఏరేటర్లపై ఆధారపడిన రొయ్యల చెరువులకు తెల్లవారుజామున ఒక గంట విద్యుత్తు లేకపోయినా నష్టమే.

జడత్వం

భారత గ్రిడ్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్. గుడ్లవల్లేరులోని ఇంటిలోనూ, విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలో ఉన్న థర్మల్ కేంద్రంలోనూ, పంజాబులోనూ ఏ క్షణాన చూచినా ఇది ఇంచుమించు ఒకటే. థర్మల్ కేంద్రాల టర్బో జనరేటర్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. ఉత్పత్తి హఠాత్తుగా తగ్గితే ఆ బరువైన రోటర్లలోని గతిజశక్తి తొలి కొన్ని సెకన్ల లోటును పూడుస్తుంది.

సౌర ఫలకానికి తిరిగే భాగం లేదు. సాధారణ ఇన్వర్టరు గ్రిడ్ వోల్టేజీ తరంగాన్ని కొలిచి దానిని అనుసరిస్తుంది. గ్రిడ్ బలహీనంగా ఉన్నచోట ఇన్వర్టరు పంపే కరెంటే అది కొలిచే వోల్టేజీని కదిలిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. 2016 ఆగస్టు 16న కాలిఫోర్నియాలో కార్చిచ్చు వలన లైన్లలో లోపాలు ఏర్పడినపుడు సుమారు 1200 మెగావాట్ల సౌర ఉత్పత్తి తగ్గిపోయింది. గ్రిడ్ పౌనఃపున్యం నిజానికి అంతగా పడిపోలేదు. పలు ఇన్వర్టర్లు దానిని తప్పుగా లెక్కగట్టి విడిపోయాయి.

ఆంధ్ర ప్రదేశ్‌లో

కన్వర్టర్లు ఈ రాష్ట్రానికి కొత్త కావు. దక్షిణ గ్రిడ్ చాలాకాలం మిగిలిన దేశంతో ప్రధానంగా ఏకముఖ విద్యుత్ లంకెల ద్వారానే కలిసి ఉండేది. వాటిలో విశాఖపట్నం వద్ద గాజువాక కేంద్రం ఒకటి. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాదిన గ్రిడ్ కూలినపుడు దక్షిణాది నిలబడటానికి ఈ విడి అమరికే కారణం. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయినది. 2017లో కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సౌర పార్కు పనిచేయసాగింది.

అంచనా పద్ధతులు

మొదట చూసేది షార్ట్ సర్క్యూట్ నిష్పత్తి. ఇది కలిసే చోట గ్రిడ్‌కు గల షార్ట్ సర్క్యూట్ సామర్థ్యాన్ని కేంద్రపు సామర్థ్యంతో భాగించగా వచ్చే సంఖ్య. ఉదాహరణకు 1000 మెగావాట్ల పార్కు కలిసే చోట అది 3000 ఎం.వి.ఏ. అయితే నిష్పత్తి 3. అంతకన్న తక్కువైతే గ్రిడ్ ఆ చోట బలహీనమని పరిగణిస్తారు. అయితే పక్కపక్కనే అనేక పార్కులున్నపుడు ఒక్కొక్కదానికి విడిగా కట్టిన లెక్క ఉన్నదానికన్న బాగున్నట్లు చూపి మోసగిస్తుంది. వాటినన్నిటినీ కలిపి లెక్కించాలి.

తరువాత చిన్న కుదుపులు చల్లారతాయో, పెరుగుతాయో ఐగెన్ విలువల ద్వారా పరిశీలిస్తారు. వాస్తవ భాగం ధనాత్మకమైన ఐగెన్ విలువ ఒక్కటున్నా డోలనాలు పెరుగుతూపోతాయి. కన్వర్టర్ల నియంత్రణ అతివేగంగా జరుగుతుంది కనుక మైక్రోసెకన్ల అడుగులతో కంప్యూటరు అనుకరణ కూడా అవసరం. దేశవ్యాప్త గ్రిడ్‌ను ఇలా అనుకరించడం చాలా భారమైన పని; అందువలన అనుమానమున్న ప్రాంతాన్ని మాత్రమే వివరంగా తీసుకొని, మిగిలినదానిని సరళమైన తుల్య వలయంగా మారుస్తారు. తయారీదారులు నియంత్రణ వివరాలను గోప్యంగా ఉంచడం మరొక ఇబ్బంది.

పరిష్కారాలు

ఉత్పత్తి చేయకుండా తిరుగుతూ ఉండే సింక్రనస్ కండెన్సర్లు జడత్వాన్ని, షార్ట్ సర్క్యూట్ బలాన్ని ఇస్తాయి. 2016 సెప్టెంబరు 28న రాష్ట్రమంతా చీకటైన దక్షిణ ఆస్ట్రేలియాలో 2021లో ఇటువంటివి నాలుగు పనిచేయసాగాయి. గ్రిడ్‌ను అనుసరించక తామే వోల్టేజీని నిలబెట్టే ఇన్వర్టర్లు రెండవ మార్గం. బ్యాటరీలతో కలిపి వాడినపుడు ఇవి ఎక్కువ ప్రయోజనకరం.