ఎకరంలో పర్మాకల్చర్ సరే.. ఊరంతా చేయాలంటే ఏం కావాలి?

గట్టు మీద మునగ, మామిడి కింద పసుపు, మధ్యలో చిన్న కుంట, పక్కన నాలుగు నాటుకోళ్లు. ఎకరం పొలంలో ఇరవై రకాల పంటలు. ఇలాంటి వీడియోలు ఇప్పుడు ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. చూసినవారికి ‘మనమూ చేద్దాం’ అనిపిస్తుంది. ఒక రైతు ఓపికతో నాలుగైదేళ్లు కష్టపడితే ఇది సాధ్యమే. కానీ అదే పని ఊళ్లోని 300 కుటుంబాలు చేయాలంటే ఓపిక ఒక్కటే చాలదు. శిక్షణ, పశువులు, నీరు, మార్కెట్, కౌలు ఒప్పందం.. ఇలా చాలా సమకూరాలి. వీటిలో కొన్ని రైతు చేతిలో ఉంటాయి, చాలావరకు ప్రభుత్వం, పంచాయతీ, సంఘాల చేతిలో ఉంటాయి. అవేమిటో చూద్దాం.

అసలు పర్మాకల్చర్ అంటే ఏమిటి?

ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1970లలో ఈ ఆలోచనకు రూపమిచ్చారు. వారిద్దరూ రాసిన ‘పర్మాకల్చర్ వన్’ పుస్తకం 1978లో వచ్చింది. పేరుకు అర్థం శాశ్వత వ్యవసాయం.

ఇది ఒక పంట పద్ధతి కాదు, పొలాన్ని రూపొందించే పద్ధతి. ముందు వాన నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో చూస్తారు. వాలుకు అడ్డంగా కందకాలు తీసి ఆ నీటిని ఆపుతారు. రోజూ చూడాల్సిన కూరగాయలు, కోళ్లు ఇంటికి దగ్గరగా, అప్పుడప్పుడు చూస్తే సరిపోయే చెట్లు దూరంగా ఉండేలా పొలాన్ని భాగాలు చేస్తారు. ఒకదాని వ్యర్థం మరొకదానికి ఆహారం కావాలి. నేల ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు.

సేంద్రియ సాగు, ప్రకృతి వ్యవసాయం, పర్మాకల్చర్.. మూడూ ఒకటేనా?

కాదు. సేంద్రియ సాగులో రసాయన ఎరువులు, పురుగుమందులు వాడరు. కానీ ఒకే పంట వేసి, కంపోస్టు, వేప పిండి కొని తెచ్చి వాడినా అది సేంద్రియ సాగే. ప్రకృతి వ్యవసాయంలో బయటి నుంచి కొనడం తగ్గించి, ఆవు పేడ, మూత్రంతో చేసే బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, మిశ్రమ పంటలపై ఆధారపడతారు. పర్మాకల్చర్‌లో వీటితో పాటు నీరు, చెట్లు, పశువులు, ఇల్లు అన్నీ ఒకే ప్రణాళికలో ఉంటాయి.

పేర్లు వేరైనా విస్తరించాలనుకున్నప్పుడు ఎదురయ్యే చిక్కులు దాదాపు ఒకటే. అందుకే పర్మాకల్చర్‌ను పెద్ద ఎత్తున చేయాలంటే ఏం కావాలో తెలుసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమే మనకు దగ్గరి పాఠం.

తెలుగు నేలకు ఇది కొత్తా?

కాదు. మోలిసన్ 1987లో భారత్ వచ్చి శిక్షణ ఇచ్చారు. దేశంలోని తొలినాటి పర్మాకల్చర్ క్షేత్రాల్లో ఒకటి జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో మొదలైంది. అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు 2017 నవంబరులో హైదరాబాద్‌లో, ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా బిడెకన్నెలో జరిగింది. అంటే జ్ఞానం మన పక్కనే మూడున్నర దశాబ్దాలకు పైగా ఉంది. అయినా ఇది ఎక్కువగా కొన్ని క్షేత్రాలకు, కొందరు పట్టుదల గల రైతులకే పరిమితమైంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగింది?

ఉమ్మడి రాష్ట్రంలో 2004-05 నాటికే పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగును ప్రోత్సహించింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల లాంటి గ్రామాలు దానికి దారి చూపాయి. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థను ఏర్పాటు చేసింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి.విజయ్‌కుమార్ నేతృత్వంలో పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయం పేరుతో మొదలైన కార్యక్రమం తర్వాత ‘ఏపీ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం’గా మారింది.

2024 నాటికి 60 లక్షల మంది రైతులను చేరుకోవాలని 2018లో లక్ష్యం ప్రకటించారు. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం (మరో ఇద్దరితో కలిపి) వచ్చినప్పుడు నిర్వాహకులు చెప్పిన సంఖ్య 10 లక్షలకు పైగా. ప్రపంచంలో ఇంత పెద్ద కార్యక్రమాలు చాలా తక్కువ. అయినా లక్ష్యంలో ఆరో వంతే. పైగా చేరిన రైతులందరూ తమ పొలమంతా మార్చేశారని కాదు. చాలామంది ఒక భాగంలోనే మొదలుపెడతారు. వేగం ఎక్కడ తగ్గుతుందో కింది ఐదు విషయాలు చూస్తే అర్థమవుతుంది.

1. పక్కనుండి చెప్పే మనిషి

యూరియా బస్తా ఎలా చల్లాలో ఒక్కసారి చెబితే చాలు. పొలానికి తగినట్టు పంటలు కలపడం, పురుగు కనిపించినప్పుడు ఏ కషాయం ఎప్పుడు కొట్టాలో తెలుసుకోవడం ఒక్క శిక్షణ శిబిరంతో రాదు. మొదటి రెండేళ్లు వారం వారం పొలానికి వచ్చి చూసే మనిషి కావాలి. అందుకే ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో అప్పటికే ఈ సాగు చేస్తున్న రైతులనే శిక్షకులుగా తీసుకున్నారు. డ్వాక్రా సంఘాలు, గ్రామ సమాఖ్యల్లో ఈ విషయం చర్చకు వస్తుంది. ఈ సిబ్బందికి గౌరవ వేతనం ఆగితే, లేదా ఒకరికి మరీ ఎక్కువ ఊళ్లు అప్పగిస్తే రైతు మళ్లీ మందుల దుకాణానికే వెళ్తాడు.

2. పశువులు, ద్రావణాలు

చిన్న లెక్క చూద్దాం. ఎకరాకు ఒక విడత జీవామృతానికి 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను కావాలి. నీడలో 48 గంటలు పులియబెట్టి, పక్షం రోజులకోసారి ఇవ్వాలి. ఇంటి దగ్గర ఆవు ఉన్న రెండెకరాల రైతుకు ఇది కష్టం కాదు.

500 ఎకరాల ఊరికి? ఒక విడతకు లక్ష లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 500. ఐదు టన్నుల పేడ, టన్ను బెల్లం, టన్ను పిండి. ఎకరాకు 400 కిలోల చొప్పున ఘనజీవామృతం వేయాలంటే మరో 200 టన్నులు. ట్రాక్టర్లు వచ్చాక చాలా ఇళ్లలో పశువులే లేవు. అందువల్ల ఊళ్లోనే ఈ ద్రావణాలు తయారుచేసి అమ్మే కేంద్రాలు కావాలి. వాటిని యువకులు లేదా మహిళా సంఘాలు నడిపితే పని దొరుకుతుంది. కానీ ధర రైతుకు అందుబాటులో ఉండాలి. 45 కిలోల యూరియా బస్తా రాయితీ మీద రూ.266.50కే వస్తోందని మరచిపోకూడదు.

3. నీరు, ఊరు కలిస్తేనే

కందకం మీ పొలంలో తీసినా, ఎగువ పొలం నుంచి వచ్చే వరదను అది ఆపలేదు. వాన నీటిని ఆపే పని పరీవాహక ప్రాంతం మొత్తానికి కలిపి చేస్తేనే భూగర్భ జలం పెరుగుతుంది. ఉపాధి హామీ పనుల కింద చిన్న రైతుల పొలాల్లో సేద్యపు కుంటలు, కందకాలు, పండ్ల మొక్కల పెంపకం ఇన్నాళ్లుగా జరుగుతూనే ఉన్నాయి. ఏ పని ఎక్కడో గ్రామసభలో ముందే నిర్ణయించుకుంటే అవే పర్మాకల్చర్‌కు పునాది అవుతాయి. అలాగే కోత తర్వాత ఊరి పశువులను పొలాల మీదకు వదిలే అలవాటు ఉన్నచోట, ఆచ్ఛాదన గడ్డి గానీ చిన్న మొక్కలు గానీ మిగలవు. దీనికీ ఊరి కట్టుబాటే పరిష్కారం.

4. ఇరవై పంటలను కొనేదెవరు?

పది క్వింటాళ్ల మొక్కజొన్నను ఒకే రోజు అమ్మేయవచ్చు. అదే ఎకరంలో 40 కిలోల కంది, నాలుగు గంపల బెండ, పసుపు, మునగ వస్తే? ఒక్కో దానికి ఒక్కో రోజు, ఒక్కో మార్కెట్. ఇంటి తిండికి, వారపు సంతకు ఇది మంచిదే. వందల ఎకరాలకు విస్తరిస్తే రైతు ఉత్పత్తిదారుల సంఘం, నిల్వ, శుద్ధి, పట్టణంలో కొనుగోలుదారు అవసరం. సర్టిఫికెట్ కూడా కావాలి. రైతులే బృందంగా ఏర్పడి ఒకరి పొలం మరొకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ విధానంలో ఖర్చు తక్కువ. ఎగుమతికి మాత్రం అది చాలదు, మూడో పక్ష ధ్రువీకరణ తప్పనిసరి.

5. కౌలు.. అన్నిటికంటే పెద్ద ముడి

మామిడి కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. నేలలో సేంద్రియ కర్బనం పెరగడానికి కూడా ఏళ్లు పడుతుంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు గడువు 11 నెలలు. దానికీ భూయజమాని సమ్మతి కావాలి. వచ్చే ఏడాది ఈ పొలం తన దగ్గర ఉంటుందో లేదో తెలియని రైతు కందకం ఎందుకు తీస్తాడు? చెట్టు ఎందుకు నాటుతాడు? నాటినా ఆ చెట్టు ఎవరిదనే తగాదా. నేల బాగుపడ్డాక యజమాని కౌలు పెంచితే నష్టపోయేది బాగుచేసిన మనిషే.

శిక్షణ, కేంద్రాలు ఎన్ని పెట్టినా ఈ ముడి విప్పకపోతే పర్మాకల్చర్ సొంత భూమి ఉన్నవారి సాగుగానే మిగిలిపోతుంది. కనీసం మూడు నుంచి ఐదేళ్ల రాతపూర్వక ఒప్పందం, చెట్ల ఫలంలో వాటా, యజమాని హక్కుకు భంగం కలగదన్న భరోసా.. ఇవి ఉంటేనే కౌలు రైతు ముందుకు వస్తాడు.

దిగుబడి తగ్గుతుందా?

దీనిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయానికి తగిన శాస్త్రీయ ఆధారాలు లేవని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో అభ్యంతరం తెలిపింది. మరోవైపు ఆంధ్రప్రదేశ్ పొలాల్లో పరీక్షలు చేసిన బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు దిగుబడి తగ్గలేదని 2023లో ప్రచురించారు. నేల, పంట, రైతు అనుభవాన్ని బట్టి ఫలితం మారుతుంది. కాబట్టి మొదటి ఏడాదే లాభం ఖాయమని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

తొందరపడితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించారు. వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. ఆ ఏడాది చివరకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. సిక్కిం 2003లో సేంద్రియ బాట పట్టి, 2016లో సంపూర్ణ సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకుంది. అంత చిన్న రాష్ట్రానికే పదమూడేళ్లు పట్టింది.

కేంద్రం ఏం ఇస్తోంది?

జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. మొత్తం వ్యయం రూ.2,481 కోట్లు. 15,000 క్లస్టర్లు, 7.5 లక్షల హెక్టార్లు, 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు, 30,000 మంది కృషి సఖులు లక్ష్యం. ఎంపికైన రైతుకు ఒక ఎకరం వరకు ఏడాదికి రూ.4,000 చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం ఉంటుంది. పోల్చి చూస్తే రసాయన ఎరువుల రాయితీకి కేంద్రం ఏటా లక్షన్నర కోట్ల రూపాయలకు పైనే ఖర్చు చేస్తోంది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే..

* పొలమంతా ఒకేసారి మార్చవద్దు. ఇంటి ఖర్చుకు ఇబ్బంది లేనంత భాగంలో, పావు ఎకరమైనా సరే, మొదలుపెట్టండి.
* ముందు భూసార పరీక్ష చేయించండి. మూడేళ్ల తర్వాత పోల్చుకోవడానికి ఆ కార్డు దాచుకోండి.
* ఒక వానాకాలం పొలంలో నీరు ఎటు పారుతుందో గమనించి, గుర్తులు పెట్టుకున్నాకే కందకాలు తీయండి.
* తొలకరికి ముందు నవధాన్యాలు చల్లడంతో ప్రారంభించవచ్చు. ఖర్చు తక్కువ, నేలకు మేలు, పశువులకు మేత.
* కౌలు రైతులైతే చెట్ల జోలికి వెళ్లేముందు యజమానితో కాగితం రాసుకోండి. కాగితం కుదరకపోతే ఏడాదిలో చేతికొచ్చే మిశ్రమ పంటలకే పరిమితం కావడం మంచిది.
* ఖర్చు, కూలీ రోజులు, ఇంట్లో తిన్నది, అమ్మింది అన్నీ పుస్తకంలో రాయండి. సొంత కూలీని లెక్క కట్టకపోతే లాభం ఉన్నట్టే కనిపిస్తుంది.
* ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో మండల వ్యవసాయ అధికారి కార్యాలయం, రెండుచోట్లా జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో మూడు ప్రశ్నలు అడగండి: మా ఊరు క్లస్టర్‌లో ఉందా? కృషి సఖి ఎవరు? జీవ ఉత్పాదకాల కేంద్రం ఎంత దూరంలో ఉంది?

మూడింటికీ సరైన జవాబు దొరికితే మీ ఊళ్లో పని మొదలైనట్టే. దొరకకపోతే అదే ప్రశ్నలను పది మంది రైతులు కలిసి గ్రామసభలో అడిగి, తీర్మానంలో రాయించండి.