పహాణీలో ఒక మాట



ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. పద్యంలో యతి తప్పితే చెవికి తెలుస్తుంది. పాత తాళపత్రమైనా కూడబలుక్కొని చదవగలను. అటువంటి నేను మా ఊరి కాగితాన్నే చదవలేక తలవంచుకోవలసి వచ్చింది. ఆ కథతోపాటు మా జిల్లా పాలన కథ కూడా చెప్పాలని ఈ ప్రయత్నం.

మాది రుద్రారం. పటాన్‌చెరు నుండి సంగారెడ్డికి పోయే దారిలో, గణేశ్ గడ్డ దేవాలయం ఉన్న ఊరు. ఒకనాడు నా పూర్వశిష్యుడొకడు ఒక నకలు పట్టుకొని వచ్చాడు. "సార్, మా తాత పేరు ఇండ్ల ఉన్నదంట. జర సదివి చెప్పుండ్రి" అన్నాడు. చూస్తే 1355 ఫసలీ పహాణీ. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది గనుక అది 1945-46 నాటిది. అంతా ఉర్దూ గొలుసుకట్టు రాత. ఒక్క ముక్క అర్థం కాలేదు. "నాకు రాదు నాయనా" అన్నాను. పండితుడికి రానిది ఉంటుందా అన్నట్లు చూశాడు.

మా మెతుకుసీమకు ఈ కచేరీ కాగితాలు ఎలా వచ్చాయో తెలియాలంటే మొదటి సాలార్‌జంగు కాలానికి పోవాలి. ఆయన 1853లో దివాను అయ్యేనాటికి శిస్తు వసూలు గుత్తకు పోయేది. ఎవరు ఎక్కువ సొమ్ము ఒప్పుకుంటే వారికి తాలూకా దక్కేది. ఒప్పుకున్నదానికి మించి వారు రైతు నుండి రాబట్టుకునేవారు. సాలార్‌జంగు ఈ గుత్తలను క్రమంగా తొలగించి, 1865లో జిలాబందీ ఏర్పాటు చేశాడు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, ఆయన కింద దోయం, సోయం తాలూక్‌దార్లు, తాలూకాకు తహసీల్దారు. అందరూ జీతగాళ్లు. అవ్వల్ తాలూక్‌దారు అంటే నేటి కలెక్టరని చదువరులు గ్రహించగలరు.

జిల్లాల మీద సుబాలు ఏర్పడ్డాయి. మెదక్, ఇందూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు కలిసిన మెదక్ గుల్షనాబాదు సుబాకు ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో కచేరీ మా పొరుగున ఉన్న పటాన్‌చెరులోనే ఉండేది. అయితే పటాన్‌చెరు తాలూకా ఆ సుబాలోది కాదు. అది అత్రాఫ్ బల్దా జిల్లాలోది. అంటే నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫెఖాస్ భూమి. నాలుగు జిల్లాల అధికారి కొలువున్న చోట నేల మాత్రం ప్రభువు సొంత ఆస్తి అన్నమాట! ఆ సర్ఫెఖాస్ 1949లో దివానీలో కలిసిపోయింది. జాగీర్లు రద్దయినదీ ఆ సంవత్సరమే.

సుబేదారు ఇంత దగ్గర ఉన్నందువల్ల ఈ ప్రాంతపు రైతుకు సర్కారు దగ్గరయిందా? లేదనే చెప్పాలి. ఊరికి సర్కారు అంటే ముగ్గురే: శిస్తు చూసే మాలీ పటేలు, తగవులూ నేరాలూ చూసే పోలీసు పటేలు, లెక్కలు రాసే పట్వారీ. వీరి పదవులు వంశపారంపర్యం. వీరి కింద చెరువు నీరు పంచే నీరడి, కావలి కాసే తలారి, కబురు మోసే మస్కూరి. ఈ అందరిలో పట్వారీ కలానికే జనం ఎక్కువ భయపడేవారు. పటేలు కోపం ఒక నాటితో పోవచ్చు గాని, దస్త్రంలో పడిన గీత మనుమల దాకా వస్తుంది.

ఆ దస్త్రం భాష మరొక అడ్డుగోడ. 1880ల మధ్యలో పారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. దున్నేవాడిది తెలుగు, దస్త్రానిది ఉర్దూ. నిజాం రాజ్యంలోని తెలుగువారి మొదటి ఆంధ్ర మహాసభ 1930 మార్చిలో మా జిల్లాలోని జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరగడం తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన రోజులవి.

ఇక ఆ నకలు సంగతి. సంగారెడ్డిలో ఉన్న నా పాత సహోద్యోగి, ఉర్దూ మాస్టారు దగ్గరికి ఇద్దరం వెళ్లాము. ఆయన కళ్లద్దాలు సవరించుకొని తాత పేరు చదివాడు. పక్కన ఉన్న మాట దగ్గర ఆగి, రెండుసార్లు చూసి, "ఆసామీ శిక్మీ" అన్నాడు. శిష్యుడి ముఖం వాడిపోయింది. వారింట్లో మూడు తరాలుగా "మనం శిక్మీదారులం" అని చెప్పుకుంటున్నారట.

1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమిశిస్తు చట్టం ప్రకారం ఈ రెండూ వేరు. శిక్మీదారు పట్టాదారుతో పాటు భూమిలో హక్కు ఉన్నవాడు. ఆసామీ శిక్మీ అంటే పట్టాదారు ద్వారానో మరొక హక్కుదారు ద్వారానో సాగులో ఉన్న కౌలుదారు. "దారు" ఉంటే హిస్సా, "ఆసామీ" చేరితే కౌలు. ఏళ్ల తరబడి ఆ మడిని దున్నిన మనిషికి తనను ఏ మాటతో రాశారో తెలియదు.

అలాగని కౌలుదారుకు ఏ దారీ లేకపోలేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం నిర్ణీతకాలం నిరంతరంగా సాగుచేసినవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. కాని అన్నేళ్లు దున్నినట్టు చూపవలసింది మళ్లీ ఆ దస్త్రమే. శిష్యుడి చేతిలో ఉన్నది ఒక్క సంవత్సరపు నకలు.

తరువాత ఎన్నో మారాయి. 1984లో పటేలు, పట్వారీ పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా మూడయి, మేము సంగారెడ్డి జిల్లా వారమయ్యాము. 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవీ పోయింది. దస్త్రం ధరణి పేరుతో కంప్యూటరులోకి వెళ్లింది. భాష తెలుగే, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కాని ధరణిలో సాగుదారుకు గడి లేదు. నిజాం పట్వారీ కనీసం "ఆసామీ శిక్మీ" అని రాశాడు, ఇందులో ఆ మాటకే చోటు లేకపోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో శిష్యుడు చాలాసేపు మాట్లాడలేదు. రుద్రారం దగ్గరపడ్డాక "పోనీ సార్, మా తాత దున్నిండన్నదైతే నిజమే గద" అన్నాడు. నిజమే అన్నాను.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఇండ్లలో, అటకల మీద, ట్రంకుపెట్టెల్లో ఇటువంటి ఉర్దూ కాగితాలు ఉంటే ఆ రాత తెలిసిన పెద్దలు ఉండగానే చదివించుకొని, తెలుగులో రాసి పెట్టుకోండి. నాకు అక్షరాలు నేర్పుతానని మా ఉర్దూ మాస్టారు మాట ఇచ్చాడు. ప్రస్తుతం అలిఫ్, బే దగ్గర ఉన్నాను.